గీతకి కొసలుంటే అది రేఖ కాదా? ఆరో తరగతి సందేహానికి ఒక పాత లెక్కల మాస్టారి జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవాడు విజయవాడలో ఆరో తరగతి. హోమ్‌వర్కులో స్కేలు పెట్టి 5 సెంటీమీటర్ల గీత గీసి, రెండు కొసల్లో ఏ, బీ అని పెట్టి, కింద ‘రేఖ ఏబీ’ అని రాశాడు. టీచరుగారు దాన్ని కొట్టేసి ‘రేఖాఖండం’ అని ఎర్రసిరాతో దిద్దారు. వాడేమో ‘మేడమ్ బోర్డు మీద గీసిన రేఖకీ రెండు కొసలున్నాయి గదా, బాణం గుర్తులు పెట్టగానే అది అనంతమైపోతుందా’ అని ఇంటికొచ్చి మీ ప్రాణం తీస్తున్నాడు. అది చాలదన్నట్టు కిరణం ఏబీ, కిరణం బీఏ ఒకటేనా అన్నది రెండో గొడవ, ఒక రేఖ మీద 5 బిందువులుంటే ఎన్ని రేఖాఖండాలు అన్నది మూడోది. ఇంత చిన్నదానికి మార్కు కొయ్యాలా అని మీ బాధ.

మార్కు సంగతి తర్వాత చెప్తాను. ముందు నా సంగతి ఒకటి వినండి.

నేను గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చేరిన రెండో ఏడో మూడో ఏడో, క్వార్టర్లీ పేపరు నన్నే తయారుచెయ్యమన్నారు. ‘6 సెం.మీ. పొడవు గల సరళరేఖ ఏబీని గీయుము’ అని ఒక ప్రశ్న ఇచ్చాను, రెండు మార్కులకి. పరీక్ష మొదలై పది నిమిషాలు కాలేదు, మూడో బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడి, ‘సార్, సరళరేఖకి పొడవు కొలవలేమని మీరే చెప్పారు గదండీ’ అంది. నాకు చెవులు వేడెక్కాయి. ‘రేఖాఖండం అని దిద్దుకోండమ్మా’ అని ఆ హాల్లో చెప్పాను గానీ, కంగారులో పక్క గదికి వెళ్లి చెప్పడం మర్చిపోయాను. అక్కడి పిల్లల్లో చాలామంది సరిగ్గా 6 సెంటీమీటర్లు కొలిచి, రెండు పక్కలా బాణాలు కూడా పెట్టి ఇచ్చారు. అందరికీ పూర్తి మార్కులు వేశాను. తప్పు నాది, వాళ్ల మార్కులు కోసి ఏం లాభం.

కాబట్టి మీవాడు చేసిన పొరపాటు, లెక్కల మాస్టారు కూడా చేసే పొరపాటే.

ఇక అసలు విషయం. కాగితం మీద మనం గీసేది ఏదైనా బొమ్మే. పెన్సిలు ఎంత సన్నగా చెక్కినా ఆ గీతకి ఎంతో కొంత మందం ఉంటుంది, భూతద్దం పెట్టి చూస్తే రోడ్డులా కనిపిస్తుంది. రేఖాగణితంలో రేఖకి మందమే లేదు. బిందువుకైతే పొడవు, వెడల్పు, మందం ఏదీ లేదు, ఉన్నదల్లా చోటు ఒక్కటే. వాకిట్లో ముగ్గుకి పెట్టిన చుక్కని చీమ ఎత్తుకుపోగలదు, బిందువుని ఎత్తుకుపోలేదు. అంటే మీవాడి నోటుబుక్కులో రేఖా లేదు, రేఖాఖండమూ లేదు, బిందువూ లేదు, వాటి బొమ్మలున్నాయి. ఈ మాట పిల్లవాడికి ముందు చెప్పకుండా నిర్వచనాలు బట్టీ పట్టిస్తే ఇలాంటి పేచీలే వస్తాయి. వాడి తప్పు కాదు.

మరి బాణం గుర్తు ఏం చేస్తుంది? హైవే మీద ‘చెన్నై’ అని రాసి పక్కన బాణం వేసిన ఆకుపచ్చ బోర్డు వాడు చూసే ఉంటాడు. ఆ బాణం బారెడు పొడవు కూడా ఉండదు, అంత మాత్రాన చెన్నై బారెడు దూరంలో ఉందని ఎవరూ అనుకోరు. ఇటువైపు ఇంకా ఉంది, పోతూనే ఉండొచ్చు అని దాని అర్థం. రేఖ బొమ్మ కొసన పెట్టే బాణమూ అంతే: ‘కాగితం అయిపోయింది గానీ రేఖ అయిపోలేదు’ అని మనం చదివేవాడికి చెప్పే కబురు. బాణం లేకుండా, కొసన చుక్క పెట్టి ఆపేస్తే ‘ఇక్కడితో సరి’ అని. గీసిన గీత రెండు బొమ్మల్లోనూ అదే 5 సెంటీమీటర్లు కావచ్చు, తేడా అంతా కొసల్లోనే ఉంది. రెండు కొసలూ ఆగితే రేఖాఖండం, ఒకటి ఆగి ఒకటి పోతూ ఉంటే కిరణం, రెండూ పోతూ ఉంటే రేఖ. తెలుగు మీడియం పిల్లలకి ఇందులో ఒక సుఖం ఉంది, ఖండం అంటే ముక్క అని ఇంట్లోనే తెలుసు, రేఖాఖండం అంటే రేఖలో కోసుకున్న ముక్క. ఇంగ్లీషు మీడియం పిల్లలు సెగ్మెంట్ అన్న మాటని అర్థం తెలియకుండానే మోస్తుంటారు, వాళ్లకి ఈ ఒక్క తెలుగు మాట చెప్పి చూడండి.

మీవాడికి ఉత్సాహం తెప్పించే సంగతి ఒకటుంది, వాడి పక్షాన యూక్లిడ్ ఉన్నాడు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఈ గ్రీకు గణితవేత్త, ‘ఎలిమెంట్స్’ అనే తన పుస్తకం మొదట్లోనే రేఖ అంటే వెడల్పు లేని పొడవు అన్నాడు, వెంటనే రేఖ కొసలు బిందువులు అన్నాడు. అంటే ఆయన సరళరేఖ అన్నప్పుడు మామూలుగా మన రేఖాఖండమే! ఆ తర్వాత స్వీకృతాల్లో, అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే మాటల్లో, మొదటిది ఏ బిందువు నుంచి ఏ బిందువుకైనా సరళరేఖ గీసుకోవచ్చని, రెండోది అలా గీసినదాన్ని తిన్నగా ఇంకా పొడిగించుకుంటూ పోవచ్చని. అనంతమైన రేఖని మొత్తంగా ఒకేసారి మన ముందు పరచలేదు, కావలసినప్పుడల్లా సాగదీసుకోమని అనుమతి ఇచ్చాడు. మీవాడు రాసిన ‘రేఖ ఏబీ’ ఆయన దగ్గర చెల్లుతుంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో మూడింటికి మూడు పేర్లు పెట్టుకున్నాం కాబట్టి చెల్లదు, అంతే తేడా. 1899లో డేవిడ్ హిల్బర్ట్ అనే జర్మన్ గణితవేత్త ఇంకో అడుగు వేసి, బిందువు, రేఖ, తలం (బల్లపరుపుగా అన్ని వైపులా సాగే చదును) వీటికి నిర్వచనాలే ఇవ్వకుండా, వాటి మధ్య ఏ సంబంధాలు ఉండాలో చెప్పి అక్కడి నుంచి మొత్తం కట్టుకొచ్చాడు. అందుకని ‘సరళరేఖని నిర్వచించుము’ అన్న ప్రశ్నకి పిల్లవాడు కాస్త తడబడితే మరీ కోప్పడకండి.

ఇప్పుడు మా ఊరి సంగతి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్ని లైన్లు అంటాం. అడ్రసు 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రెండు అంకెలు చెప్తే చాలు, ఆటో అతను తిన్నగా తీసుకెళ్లి ఆ మలుపులో దింపేస్తాడు. వేరువేరు సరళరేఖలు రెండు ఖండించుకుంటే ఒక్క బిందువు దగ్గరే ఖండించుకుంటాయన్నది ఆ అడ్రసు రాసే పద్ధతిలోనే ఉంది. తరగతిలో నేనెప్పుడూ పాఠం దీనితోనే మొదలుపెట్టేవాణ్ణి, ‘ఒరే, నాలుగో లైను లైనేనా?’ అని. కాసేపటికి ఎవడో ఒకడు పట్టుకునేవాడు: కాదు సార్, ఈ కొసనా ఆ కొసనా వేరే రోడ్డు తగిలి ఆగిపోతుంది గదా, అది రేఖాఖండం. నిజమే, గుంటూరు లైన్లన్నీ రేఖాఖండాలే. కానీ ‘నాలుగో రేఖాఖండం’ అని బోర్డు పెడితే పోస్టుమాన్ ఉద్యోగం మానేస్తాడు.

మీ ఊళ్లో అయితే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఉండనే ఉంది. ఇటు విజయవాడ గట్టు, అటు సీతానగరం గట్టు, పొడవు 1223.5 మీటర్లు. ‘పొడవు ఇంత’ అని చెప్పగలిగామంటే ఆ రెండు కొసలూ ఖాయంగా ఉన్నాయన్నమాట. కొలిచేది రేఖాఖండాన్నే. రేఖని కొలవలేం, కిరణాన్నీ కొలవలేం. ‘కిరణం రేఖలో సగం’ అని కొన్ని గైడుల్లో రాస్తారు, అది చదివి పిల్లలు కిరణం పొట్టిది, రేఖ పొడుగుది అనుకుంటారు. పొడవే లేనివాటిలో పొట్టీ పొడుగూ ఏమిటి? ఆ మాట వాడకపోవడమే మంచిది.

అయితే కొసలు లేకపోతే చాలు అది కొలవలేనిది అని కూడా అనేసుకోకూడదు. భూమధ్యరేఖకి కొసలెక్కడున్నాయి? లేవు. కానీ దాని పొడవు సుమారు 40,075 కిలోమీటర్లు. పేరులో రేఖ అని ఉన్నా అది వృత్తం, తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. తెలుగులో రేఖ అంటే వంకరదైనా అవుతుంది, అరచేతిలో గీతనీ రేఖే అంటాం. అందుకే లెక్కల్లో ‘సరళ’ అని తగిలిస్తాం. తిన్నగా ఉండాలి, రెండు వైపులా ఆగకూడదు, రెండూ కావాలి.

కిరణం దగ్గరికి వద్దాం. సూర్యకిరణమే ఉదాహరణగా చెప్తారు, తప్పేం లేదు గానీ, మీవాడి లాంటివాడు ‘అది మన గోడ మీద పడి ఆగిపోయింది గదా’ అంటాడు. వాడిది న్యాయమే. ఆ వెలుగు సూర్యుడి దగ్గర బయల్దేరి దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాల పైచిలుకు ప్రయాణం చేసి, మీ వరండా గోడకి తగిలి ఆగింది, కాబట్టి లెక్క ప్రకారం అదొక మహా పొడుగాటి రేఖాఖండం. గోడ అడ్డం లేకపోతే ఎలా పోతూనే ఉండేదో అలా ఊహించుకున్నది కిరణం.

ఏబీ, బీఏ తేడా నోటితో చెప్తే బుర్రకెక్కదు, చేసి చూపించాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీదికి రెండు టార్చిలైట్లు తీసుకెళ్లండి. మీవాడిని ఒక మూల నిలబెట్టండి, వాడు ఏ. మీరు ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడండి, మీరు బీ. వాడి టార్చి మీ వైపు వేయమనండి, కళ్లలోకి కాదు, చెయ్యి పక్కకి చాపి. వాడి వెలుగు వాడి దగ్గర పుట్టి, మిమ్మల్ని దాటి, మీ వెనక కొబ్బరిచెట్టు మీద పడుతుంది. అది కిరణం ఏబీ. ఇప్పుడు మీరు వాడి వైపు వేయండి. మీ దగ్గర పుట్టి, వాణ్ణి దాటి, వాడి వెనక నీళ్ల ట్యాంకు మీద పడుతుంది. అది బీఏ. ఒకటి కొబ్బరిచెట్టుకి పోయింది, ఒకటి ట్యాంకుకి పోయింది, ఒకటే ఎలా అవుతాయి? కిరణం పేరులో మొదటి అక్షరం ఎప్పుడూ పుట్టినచోటు. రెండో అక్షరం దారి చూపడానికి మాత్రమే, ఆ దారిలో ఏ బిందువు పేరు చెప్పినా ఫర్వాలేదు.

ఇంకొంచెంసేపు అలాగే నిలబడి, రెండు వెలుగులూ కలిసి పడుతున్న చోటు ఏదో వాడినే అడగండి. మీ ఇద్దరి మధ్య ఉన్న పది అడుగులు. రెండు కిరణాలకీ ఉమ్మడిగా ఉన్నది రేఖాఖండం ఏబీ. మరి రెండు వెలుగులూ కలిపి మొత్తం ఎంత మేర ఉంది? ట్యాంకు అవతల నుంచి కొబ్బరిచెట్టు అవతల దాకా, అంటే రేఖ ఏబీ. రేఖ, కిరణం, రేఖాఖండం మూడూ ఒక్క డాబా మీద దొరుకుతాయి. ఇన్నేళ్లలో నేను చెప్పిన పాఠాల్లో పిల్లలు మర్చిపోనిది ఇదొక్కటేనేమో, పదేళ్ల తర్వాత బస్టాండులో కనిపించినవాడు కూడా ‘సార్, టార్చిలైట్లు’ అంటాడు.

అసలు ఈ కిరణం ఎందుకు దండగ అంటారా, కోణం కోసం. ఒకే బిందువు దగ్గర పుట్టిన రెండు కిరణాలు కలిస్తే కోణం. భుజాలు పొడుగ్గా గీస్తే కోణం పెద్దదైపోయిందనుకునే పిల్లలు తొమ్మిదో తరగతిలో కూడా ఉంటారు. గోడ గడియారంలో మూడు గంటలకీ, చేతి గడియారంలో మూడు గంటలకీ ముళ్ల మధ్య 90 డిగ్రీలే. ముళ్లు ఎంత పొడుగున్నా కిరణాలు ఎలాగూ ఆగేవి కావు కాబట్టి, మనం ఎంతవరకు గీశామన్నది లెక్కలోకి రాదు.

మూడో ప్రశ్న రైలెక్కి చేద్దాం. విజయవాడ, కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, గుంటూరు, ఈ ఐదు స్టేషన్లే మన ఐదు బిందువులు. చిన్న హాల్టు వదిలేశాను, పట్టాలు వంకర పోతాయి గానీ తిన్నగా ఉన్నాయనుకోండి. విజయవాడ నుంచి మిగతా నాలుగింటికి 4 ముక్కలు. కృష్ణా కెనాల్ నుంచి ముందుకి 3, మంగళగిరి నుంచి 2, నంబూరు నుంచి 1. మొత్తం 10. వెనక్కి లెక్కపెట్టకూడదు, ఎందుకంటే మంగళగిరి నుంచి విజయవాడకైనా విజయవాడ నుంచి మంగళగిరికైనా రేఖాఖండం అదే, దానికి దిశ లేదు. సూత్రం కావాలంటే 5ని 4తో గుణించి సగం చెయ్యండి. సగం ఎందుకంటే ప్రతి ముక్కనీ రెండు కొసల నుంచీ రెండుసార్లు లెక్కపెట్టాం గనక. టికెట్లయితే 20 రకాలు ముద్రించాలి, టికెట్‌కి దిశ ఉంటుంది.

చాలామంది తప్పేది కిరణాల లెక్కలో. విజయవాడ దగ్గర పుట్టి మంగళగిరి వైపు పోయేదీ, విజయవాడ దగ్గర పుట్టి గుంటూరు వైపు పోయేదీ ఒకటే కిరణం, పేర్లు రెండు. ఒక్కో స్టేషను నుంచి అటొకటి ఇటొకటి, మొత్తం 10. కానీ ఈ 5 పేర్లతోనే పిలవాలంటే 8 మాత్రమే వస్తాయి. విజయవాడ నుంచి వెనక్కి పోయే కిరణం మీదా, గుంటూరు దాటి ముందుకి పోయే కిరణం మీదా మనం పేరు పెట్టిన రెండో బిందువు లేదు. టీచరుగారు ఏది అడిగారో ప్రశ్న సరిగ్గా చదివి రాయమనండి. ఇక రేఖ ఒక్కటే, ఏ రెండు స్టేషన్ల పేర్లు పెట్టి పిలిచినా.

సమాంతరాల గురించి మీరు అడగలేదు గానీ వచ్చే నెల ఎలాగూ వస్తుంది. రెండు రేఖాఖండాలు తాకనంత మాత్రాన సమాంతరాలు కావు. రెండింటినీ స్కేలు పెట్టి పొడిగించి చూడాలి, కాగితం దాటాక ఎక్కడో కలుస్తాయేమో. మా గుంటూరులో శంకర్ విలాస్ దగ్గర రైలు పట్టాల మీదుగా పాత బ్రిడ్జి ఉండేది చూశారూ, పైన రోడ్డు, కింద పట్టాలు, ఎంత పొడిగించినా కలవవు, అయినా సమాంతరాలు కావు. ఎందుకంటే అవి ఒకే తలంలో లేవు. ‘ఒకే తలంలో ఉండి కలవనివి’ అనే మాటలో మొదటి సగాన్ని పిల్లలు మింగేస్తారు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. స్కేలు అంచు దగ్గర సున్నా ఉండదు, చాలా స్కేళ్లలో అంచుకీ సున్నాకీ మధ్య కాస్త ఖాళీ వదులుతారు. అంచు నుంచి మొదలుపెడితే ప్రతి కొలతా తప్పే. సున్నా అరిగిపోయిన స్కేలైతే 1 దగ్గర ఏ పెట్టి, చివరి అంకెలోంచి 1 తీసెయ్యాలి, తీసెయ్యడం మర్చిపోవడం కూడా మామూలే. కన్ను గీతకి సరిగ్గా పైన ఉండాలి, పక్కనుంచి చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

మార్కు సంగతి: టీచరుగారు కోసింది సబబే అంటాను, మీకు కోపం వచ్చినా సరే. ఆరో తరగతిలో ఈ మూడింటికీ ఉన్న తేడా అంతా ఆ పేర్లలో, అక్షరాల పైన పెట్టే చిన్న గుర్తుల్లోనే ఉంది, అక్కడ చూసీచూడనట్టు పోతే తొమ్మిదిలో రుజువులు రాసేటప్పుడు ఏడుస్తారు. కాకపోతే వాడి ప్రశ్నకి తరగతిలో ఒక నిమిషం ఇచ్చి ఉంటే బాగుండేది. ఆవిడకీ నలభైమంది ఉంటారు, సిలబస్ టెన్షన్ ఉంటుంది, నాకు తెలియంది కాదు.

మీవాడు ఇంతటితో ఆగే రకంలా లేడు కాబట్టి వాడికొక పని. రెండు బిందువుల గుండా ఒక్క సరళరేఖే పోతుందని వాడికి తెలుసు. మూడు బిందువులు ఒకే వరసలో లేకపోతే, రెండేసి కలుపుకుంటూ పోతే 3 రేఖలు వస్తాయి. ఇప్పుడు కాగితం మీద నాలుగు బిందువులు వాడికిష్టమైనట్టు పెట్టుకుని రెండేసి కలుపుతూ రేఖలు గియ్యమనండి. అన్నీ ఒకే వరసలో ఉంటే 1 వస్తుంది, మూడు వరసలో ఉండి ఒకటి బయట ఉంటే 4, ఏ మూడూ వరసలో లేకపోతే 6. ఎన్ని రకాలుగా పెట్టినా 2, 3, 5 ఎందుకు రావో కనిపెట్టి, వాడి మాటల్లోనే ఇక్కడ రాయమనండి, నేను దిద్దుతాను.